పియానో పోటీలు నడిపేవాళ్ళకి, ఆ ముప్ఫై ఏళ్ళ వయసు పరిమితి గీత గురించి

పోటీలు పెట్టేవాళ్ళకి, జ్యూరీ బల్ల వెనక కూర్చునే పెద్దలకి నమస్కారం.

మీ నిబంధనల్లో మొదటి పేజీలోనే ఒక లైన్ ఉంటుంది, ఫలానా తేదీ తర్వాత పుట్టినవాళ్ళు మాత్రమే అప్లై చెయ్యాలి అని. ఆ ఒక్క లైన్ గురించే ఈ ఉత్తరం. వార్సాలో సంగీతకర్త షోపాన్ పేరు మీద 1927లో మొదలైన పోటీలో 16 నుంచి 30 ఏళ్ళ మధ్యవాళ్ళకే చోటు, మిగతా పెద్ద పోటీలు చాలావాటిలో కూడా అటూ ఇటూగా ఇదే లెక్క, వాటిని చూసి చిన్న పోటీలు కూడా అదే గీత గీసుకున్నాయి. నాకిప్పుడు 46, సోలో కచేరీల మీదే బతుకుతున్నాను, కాబట్టి నాకోసం అడగట్లేదు, ఆ మాట ముందే చెప్పేస్తున్నా. కానీ ఈ గీత వల్ల ఏం పోతోందో నా చేతులకి బాగా తెలుసు. అందుకే కాస్త మొదట్నుంచీ చెప్పుకొస్తాను, ఓపిగ్గా చదవండి.

నేను మొదటిసారి వేలు పెట్టిన పియానో మా బడి హాల్లో ఒక మూలకి నెట్టేసి ఉన్న పాత అప్‌రైట్, అంటే తీగలు నిలువుగా ఉండే బీరువాలాంటి పియానో. ఆరేళ్ళు నాకు. మూత తీస్తే పాత చెక్క వాసన, ఫెల్టు వాసన కలిసి వచ్చేవి. దాంట్లో మధ్యలో ఉండే ఎఫ్ కీ నొక్కితే లోపలికి దిగేది గానీ మళ్ళీ పైకి వచ్చేది కాదు, గోరు పెట్టి కింద నుంచి లేపుకోవాలి. పాట మధ్యలో ఆ కీ తగిలిందంటే అంతే, పాట అక్కడే ఆగిపోయేది. దాంతో ఏ పాటయినా సరే ఆ కీ తగలకుండా ఎక్కడ మొదలుపెడితే కుదురుతుందా అని వెతుక్కునేదాన్ని, వెతగ్గా వెతగ్గా ఒక చోటు దొరికింది, అక్కడ మొదలుపెడితే ఎఫ్ బదులు దాని పక్కన నల్ల కీ వస్తుంది, పాట మొత్తం సాఫీగా అయిపోతుంది. ఆ స్వరాల వరసని జి మేజర్ అంటారని నాకు రెండేళ్ళ తర్వాత తెలిసింది. ఇప్పటికీ జి మేజర్‌లో ఉన్న పీస్ ఏదైనా వాయించేటప్పుడు వేళ్ళు వాటంతటవే కొంచెం వదులవుతాయి నాకు.

ఎనిమిదో ఏట టీచర్ గారు దొరికారు. పదేళ్ళకి బడి పిల్లల కోరస్‌కి వాయించమన్నారు, ఎప్పుడూ వాయించే పెద్దమ్మాయి ఆ రోజు రాలేదు. నలభై మంది పిల్లలు, అంతా నాకంటే పెద్దవాళ్ళు. రెండో లైన్‌లోనే తప్పు కొట్టి, భయంతో చేతులు తీసేశాను. వాళ్ళంతా పాడటం ఆపేసి నా వైపు చూశారు. టీచర్ గారు తిట్టలేదు, దగ్గరికి వచ్చి "తప్పు కొడితే కొట్టావు, చేతులు మాత్రం తియ్యకమ్మా, వాళ్ళు నీ మీద నడుస్తున్నారు" అన్నారు. నా మొత్తం చదువులో నాకు బాగా పనికొచ్చిన మాట అదే, పదేళ్ళ వయసులో, అదీ సోలో పాఠంలో కాదు, ఇంకొకళ్ళ పాటకి పక్కన కూర్చున్నప్పుడు వచ్చింది.

ఆ తర్వాత మ్యూజిక్ కాలేజీ. అక్కడి సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు, మీలో చాలామంది ఆ గదుల్లోంచి వచ్చినవాళ్ళే. చిన్న చిన్న గదులు, ఒక్కో గదిలో ఒక్కో మనిషి, రోజుకి ఆరేడు గంటలు, గోడ అవతల ఎవరో అదే పీస్ మనకంటే వేగంగా వాయిస్తూ ఉంటారు. పక్కవాయిద్యం అంటే అక్కడ చిన్నచూపు. సింగర్స్‌కి వాయించడానికి వెళ్తే "చెయ్యి పాడైపోతుంది, వాళ్ళ వెనకాల తిరిగితే సోలోకి పనికిరావు" అని మొహం మీదే చెప్పేవాళ్ళు. నేనూ నమ్మాను. 19 ఏళ్ళప్పుడు ఒక పోటీకి వెళ్ళాను, మొదటి రౌండ్‌లోనే బయటికి వచ్చేశాను. పేరు ఎందుకులెండి. గోడ మీద నంబర్లు అంటించారు, నా నంబర్ లేదు, అంతే. ఎందుకు లేదు అని ఎవర్ని అడగాలో కూడా తెలీదు.

ఒక్క కారణం మాత్రం నేనే కనుక్కున్నాను, అదీ చాలా ఏళ్ళ తర్వాత. నేను ఇంటి దగ్గర అద్దెకి తెచ్చుకున్న అప్‌రైట్ మీద ప్రాక్టీస్ చేసేదాన్ని, పోటీలో గ్రాండ్, అంటే తీగలు అడ్డంగా పరిచి ఉండే పెద్ద పియానో పెట్టారు. గ్రాండ్‌లో కీ పూర్తిగా పైకి రాకముందే మళ్ళీ కొట్టొచ్చు, ఎరార్ అనే ఆయన 1821లో పేటెంట్ తీసుకున్న ఏర్పాటు అది, మామూలు అప్‌రైట్‌లో ఉండదు. ఒకే స్వరం గబగబా పదేపదే కొట్టాల్సిన చోట నా వేళ్ళు అప్‌రైట్‌కి అలవాటుపడి ప్రతిసారీ కీ మొత్తం పైకి వచ్చేదాకా ఆగుతున్నాయి. పెద్ద గ్రాండ్ పెట్టుకునే స్తోమత ఉన్న ఇంటి పిల్లలు అక్కడే ముందుంటారు. ఇది మీ తప్పని అనట్లేదు. కాకపోతే చిన్న వయసులోనే తేల్చెయ్యాలంటే మీరు కొలుస్తున్నది సంగీతంతో పాటు ఇంట్లో ఏ పియానో ఉందనేది కూడా, అది గుర్తుపెట్టుకోండి.

ఓడిపోయాక ఇంకా మొండిగా కూర్చున్నాను. ఏడు గంటలు, ఎనిమిది గంటలు. 23లో కుడి ముంజేయి మంట మొదలైంది, మొదట వాయించాక వచ్చేది, తర్వాత వాయిస్తుండగా, ఆ తర్వాత తాళం చెవి తిప్పితే కూడా వచ్చేది. ఐదు నెలలు పియానో ముట్టలేదు. ఆ ఐదు నెలలు నేను మనిషిని కాదు, ఇంట్లో ఎవరైనా రేడియో పెడితే లేచి వెళ్ళిపోయేదాన్ని.

చెయ్యి కుదుటపడ్డాక డబ్బు కావాలి, సోలోకి పిలిచేవాళ్ళు లేరు. బాలే క్లాసుల్లో వాయించే పని దొరికింది, పొద్దున రెండు క్లాసులు, సాయంత్రం ఒకటి. ఆ పని చెయ్యనివాళ్ళకి అది చాలా తేలిక అనిపిస్తుంది. నాలుగు బార్లు (తాళం ఆవర్తాలు) ఇంట్రో, ఆ తర్వాత ముప్ఫై రెండు లెక్కలు, టీచర్ చెయ్యి ఊపి ఎంత వేగమో చూపిస్తుంది, ఏం వాయించాలో మాత్రం చెప్పదు, మనమే అప్పటికప్పుడు తీసుకోవాలి. ప్లియే అంటే మోకాళ్ళు నెమ్మదిగా వంగి లేవాలి, ఆ వంగడానికి పట్టే టైమ్ పియానో ఇవ్వాలి, కొంచెం తొందరపడ్డామా ఇరవై మంది మోకాళ్ళు అడ్డంగా దొరికిపోతాయి. నేను కీబోర్డ్ చూడటం మానేసి వాళ్ళ మడమలు చూస్తూ వాయించడం మొదలుపెట్టాను. తాళం అంటే మెట్రోనోమ్ యంత్రం టిక్కుటిక్కు కాదు, బరువున్న ఒళ్ళు కిందకి దిగి పైకి లేవడం అని నాకు అక్కడే ఎక్కింది. కాలేజీలో ఎవరూ చెప్పలేదా అంటే చెప్పారు, కానీ వినడం వేరు, ఇరవై మంది మోకాళ్ళకి మనం పూచీపడటం వేరు.

రెండేళ్ళకి ఒపేరా రిహార్సల్స్‌లో పని వచ్చింది. ఆర్కెస్ట్రా అంతా వచ్చేది చివర్లో కదా, అప్పటిదాకా వారాల తరబడి పియానో ఒక్కటే ఆర్కెస్ట్రా. డెబ్భై మంది వాయించేదాన్ని రెండు లైన్లలోకి కుక్కి అచ్చేసి ఇస్తారు, అందులో ఉన్నవన్నీ కొట్టాలంటే నాలుగు చేతులు కావాలి. మొదటి వారం నేను అన్నీ కొట్టడానికి ప్రయత్నించి చెమటలు పట్టి వెనకబడిపోయాను. అక్కడ ఇరవై ఏళ్ళుగా వాయిస్తున్న ఒకాయన నా పక్కన కూర్చుని నా స్కోరులో పెన్సిల్‌తో సగం స్వరాలు కొట్టేశారు. బేస్, అంటే కింది స్వరాలు ఉంచారు, పాడేవాళ్ళు చెవి ఆన్చి వినే లైన్ ఉంచారు, మిగతావన్నీ పోయాయి. వాయిస్తే విచిత్రంగా ఆర్కెస్ట్రా ఇంకా పెద్దగా వినపడింది! ఏది వదిలెయ్యాలో తెలిస్తేనే ఏది వినపడాలో తెలుస్తుంది, పదిహేనేళ్ళు అన్ని స్వరాలూ తప్పు లేకుండా కొట్టడం నేర్చుకున్నదానికి ఈ సంగతి కొత్త.

ఇక సింగర్స్ దగ్గర నేర్చుకున్నదానికి అంతే లేదు. పియానో కీ మహా అయితే పది మిల్లీమీటర్లు దిగుతుంది. సుత్తి తీగకి ఒకటి రెండు మిల్లీమీటర్ల దూరంలో ఉండగానే లోపలి యంత్రం దాన్ని వదిలేస్తుంది, అక్కణ్ణుంచి అది తన ఊపుతో తాను వెళ్ళి కొట్టుకుంటుంది, మనం వేలితో ఎంత నొక్కినా ఇంక దాని మీద మన చెయ్యి లేదు. కొట్టిన క్షణం నుంచీ శబ్దం తగ్గిపోతూనే ఉంటుంది. సింగర్ అలా కాదు, ఒక స్వరం పట్టుకుని దాన్ని పెంచగలదు, తిప్పగలదు. అంటే పియానో మీద పాడటం అనేది నిజానికి కుదరని పని, కుదిరినట్టు వినిపించాలి, అంతే. పక్కన కూర్చుని ఆమె ఊపిరి ఎప్పుడు తీసుకుంటోందో వింటూ, ఈ స్వరం ఎంతదాకా తగ్గిందో అక్కణ్ణుంచే తర్వాతి స్వరం ఎత్తుకోవడం, పైకి వెళ్ళే చోట ఆమె గొంతు ఎక్కడ కష్టపడుతుందో అక్కడ పియానోకి కూడా ఆ కష్టం ఇవ్వడం, ఎనిమిదేళ్ళు రోజూ ఇదే పని. ఒకసారి ఒకమ్మాయి పరీక్షలో రెండు లైన్లు మర్చిపోయి ఏకంగా చివరి చరణంలోకి దూకేసింది. నా చేతులు నాకంటే ముందు దూకాయి. పరీక్ష చేసేవాళ్ళకి తెలియలేదు, ఆ అమ్మాయి బయటికి వచ్చి నన్ను పట్టుకుని ఏడ్చింది.

31 ఏళ్ళ వయసులో నాకు మొదటిసారి, ఇప్పుడు నేను ఒంటరిగా వాయిస్తే చెప్పడానికి నా దగ్గర ఏదో ఉంది అనిపించింది. ఒక పోటీకి ఫారం నింపాను. రికార్డింగ్ కూడా పంపాను, నాలుగు రాత్రులు కూర్చుని చేసుకున్నది. మూడో రోజు రెండు లైన్ల జవాబు, మీరు వయసు పరిమితి దాటారు, రికార్డింగ్ పరిశీలించబడదు. దాటింది ఏడు నెలలు. గుండెల్లో రాయి పడింది అంటారే, నిజంగా అలాగే ఉంది, మింగుడు పడలేదు చాలా రోజులు. బాగా వాయించలేదు అని ఉంటే తట్టుకునేదాన్నేమో, వినలేదు అన్నారు చూడండి, అది.

తర్వాత సోలోలోకి ఎలా వచ్చానో కూడా చెప్తాను, ఎందుకంటే అది మీ తలుపు లోంచి కాదు. ఏళ్ళుగా నేను వాయించే ఒక సింగర్ తన ప్రోగ్రామ్ మధ్యలో గొంతుకి పన్నెండు నిమిషాలు విశ్రాంతి కావాలి, ఆ టైమ్‌లో నువ్వు ఒక్కదానివే ఏదైనా వాయించు అంది. షూబర్ట్ రాసిన ఇంప్రాంప్టులు అనే చిన్న పీసులు రెండు వాయించాను. జనం ఇంకొకటి అడిగారు. ఆవిడే తెర పక్కన నిలబడి "వెళ్ళు, వాయించు" అని సైగ చేసింది. అలా అలా పన్నెండు నిమిషాలు ఇరవై అయ్యాయి, ఇరవై సగం ప్రోగ్రామ్ అయింది, 34లో మొదటి పూర్తి సోలో. ఆ రాత్రి ఒకచోట కుడి చేతి మెలొడీ మొత్తం తుడిచిపెట్టుకుపోయింది బుర్రలోంచి. ఎడం చెయ్యి ఆగలేదు. నాలుగు బార్లు బేస్ ఒక్కటే నడిచింది, కుడి చెయ్యి దారి వెతుక్కుని వచ్చి కలిసింది. చేతులు తియ్యకమ్మా అన్న మాటే ఆ రాత్రి నన్ను దాటించింది.

అప్పుడు కూడా కచేరీలు పెట్టేవాళ్ళు మొదట అడిగే ప్రశ్న ఒకటే, ఏ పోటీలో గెలిచారు అని. మీరు ఇచ్చేది బహుమతి డబ్బు ఒక్కటే కాదండి, కచేరీల ఒప్పందాలు, రికార్డింగ్, మేనేజర్, ఫోన్ ఎత్తే మనుషులు, అన్నీ ఆ తలుపు లోంచే వస్తున్నాయి. తలుపు మీ దగ్గర పెట్టుకుని పుట్టినతేదీ చూసి తాళం వెయ్యడం న్యాయం కాదని నేననేది.

చరిత్ర చూసినా ఈ గీతకి బలం లేదు. అసలు సోలో కచేరీయే పాతకాలపు ఆచారం కాదు. దానికి రిసైటల్ అన్న పేరు 1840లో లండన్‌లో ఫ్రాంజ్ లిస్ట్ అనే పియానిస్టు కచేరీల ప్రకటనల నుంచి వచ్చింది, అంతకుముందు పియానిస్టులు మామూలుగా సింగర్స్‌తో, వేరే వాయిద్యాల వాళ్ళతో వేదిక పంచుకునేవాళ్ళే. సోవియట్ పియానిస్టు స్వియతస్లావ్ రిక్టర్ సంగతి మీకందరికీ తెలుసు. ఆయన పెద్దగా గురువులు లేకుండానే ఎదిగి, టీనేజ్‌లోనే ఒడెస్సా ఒపేరాలో రిహార్సల్ పియానిస్టుగా పనిచేశాడు, ఎక్కడెక్కడో పక్కవాయిద్యం వాయించాడు, 1934లో మొదటి సోలో, 22 ఏళ్ళకి గానీ మాస్కో కన్సర్వేటరీలో నాయ్‌హాస్ అనే గురువు దగ్గరికి చేరలేదు. పడమటి దేశాలు ఆయన్ని వేదిక మీద చూసింది 1960లో, అప్పటికి ఆయనకి 45. స్కోరు మొత్తం ఒపేరాలాగా ఆయనకి వినపడేదంటే ఆ రిహార్సల్ గదుల పుణ్యం కూడా అందులో ఉందని నా నమ్మకం. రష్యన్ సంగీతకర్త రఖ్మానినోవ్ 1873లో పుట్టాడు, 1917 చివర్లో రష్యా వదిలేసి బయటికి వచ్చాక ఇల్లు గడవడానికి ఇతరుల రచనలు కూడా పెద్ద ఎత్తున నేర్చుకుని పూర్తిస్థాయి కచేరీ పియానిస్టుగా మారింది 45 ఏళ్ళ దగ్గర. పోలిష్ పియానిస్టు పడెరెవ్‌స్కీ 24 ఏళ్ళకి వియన్నాలో లెషెటిట్స్‌కీ అనే గురువు దగ్గరికి వెళ్తే ఆలస్యమైపోయింది అనిపించుకున్నాడు, ఆ తర్వాత హాళ్ళు నింపాడు. పియానిస్టు బ్రెండెల్‌కి 16 ఏళ్ళు దాటాక క్రమం తప్పకుండా నేర్పిన గురువే లేడు. వీళ్ళందరికీ టైమ్ కావలసొచ్చింది, ఎవరి టైమ్ వాళ్ళకి.

చిన్నవాళ్ళని నేను తక్కువ చెయ్యట్లేదు. 2022లో అమెరికాలో జరిగిన క్లైబర్న్ పోటీలో యున్‌చాన్ లిమ్ 18 ఏళ్ళకే గెలిచాడు, ఫైనల్లో అతను వాయించింది వింటూ నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను, అలాంటివాళ్ళు రావాలి, ముందుగానే రావాలి. నేనడిగేది వాళ్ళ చోటు కాదు. ఇంకో చోటు.

మీ జవాబు నాకు తెలుసు. గీత తీసేస్తే ఇప్పటికే పేరున్నవాళ్ళు వచ్చి బహుమతులు పట్టుకుపోతారు, కొత్తవాళ్ళకి అన్యాయం అంటారు. సరే, అది నిజమైన భయమే. కానీ దానికి మందు పుట్టినతేదీ కాదు కదా. పెద్ద పోటీలో ముందే గెలిచినవాళ్ళు రాకూడదని రాయండి, పెద్ద మేనేజ్‌మెంట్ ఒప్పందం ఉన్నవాళ్ళు రాకూడదని రాయండి, ఎవరికి అవకాశం ముందే దొరికిందో దాన్ని బట్టి గీత గియ్యండి. 24 ఏళ్ళకే ఏడాదికి యాభై కచేరీలు వాయించేవాడు మీ లెక్కలో కొత్తవాడు, 36 ఏళ్ళకి ఒక్క సోలో కూడా దొరకనామె మీ లెక్కలో పాతమనిషి. ఇదేం లెక్కండీ? పిల్లల్ని కని రెండు మూడేళ్ళు ఆగినవాళ్ళున్నారు, చెయ్యి నొప్పితో ఆగినవాళ్ళున్నారు, డబ్బు కోసం రిహార్సల్ గదుల్లో కూర్చున్నవాళ్ళున్నారు, వాళ్ళ ఏళ్ళన్నీ మీ ఫారంలో ఒకే గడిలో పడి కొట్టుకుపోతున్నాయి.

ఇంకొకటి కూడా అడుగుతాను. పక్కవాయిద్యాన్ని చివరి రౌండ్లలో ఎప్పుడో ఒక క్వింటెట్‌కి (ఐదుగురు కలిసి వాయించేదానికి) పరిమితం చెయ్యకండి. మొదటి రౌండ్‌లోనే, అప్పుడే పరిచయమైన ఒక సింగర్‌ని నిలబెట్టి, స్కోరు ముందురోజు ఇచ్చి, రెండు పాటలు వాయించమనండి. ఎవరు వింటున్నారో, ఎవరు తమ వేళ్ళు తప్ప ఇంకేమీ వినట్లేదో పది నిమిషాల్లో తేలిపోతుంది. మొదటి రౌండ్‌లో సింగర్ ఉందంటే కాలేజీలు కూడా రేపట్నుంచే ఆ గదుల తలుపులు తెరుస్తాయి, చెయ్యి పాడవుతుంది అన్న మాట ఎవరూ అనరు. మీరు ఏం అడిగితే వాళ్ళు అదే నేర్పుతారు. ఓడిపోయినవాళ్ళకి నాలుగు వాక్యాలు రాసివ్వండి. గోడ మీద నంబర్ లేకపోవడం జవాబు కాదు, 19 ఏళ్ళ పిల్ల దాన్ని మోసుకుని చెయ్యి విరిగేదాకా ప్రాక్టీస్ చేస్తుంది.

ఇదంతా ఇప్పుడే ఎందుకు రాస్తున్నానో చెప్పి ఆపేస్తాను. నా కచేరీల్లో నాకు పేజీలు తిప్పే అమ్మాయి ఒకామె ఉంది. పగలంతా డ్యాన్స్ క్లాసుల్లో వాయిస్తుంది, సాయంత్రాలు సింగర్స్‌కి. పోయిన నెల సౌండ్ చెక్ అయ్యాక నేను కోటు తెచ్చుకోవడానికి వెళ్ళి తిరిగి వస్తుంటే హాల్లో ఎవరూ లేరనుకుని ఆమె కూర్చుని వాయిస్తోంది, షోపాన్ నాక్టర్న్ అనే నెమ్మది పీస్, నేను తలుపు దగ్గరే ఆగిపోయాను, ప్రతి స్వరం ముందు స్వరం తగ్గిన చోటు నుంచే లేస్తోంది, ఎవరో ఊపిరి తీసుకుంటున్నట్టే ఉంది. నన్ను చూసి చటుక్కున చేతులు తీసేసి లేచి నిలబడి "సారీ అక్కా" అంది. ఏ పోటీకీ ఎందుకు వెళ్ళలేదు అంటే, ఇంకా సిద్ధంగా లేనక్కా, ఇంకో రెండేళ్ళు కావాలి అంది. ఆమె చెప్పింది నిజమే, ఇంకో రెండేళ్ళు కావాలి, నాకు వినపడింది. ఆమెకి 29 నిండి నాలుగు నెలలయింది.